గ్రహాంతర రాజ్యాన్ని విడిపించే వీరుల కథ: దురాక్రమణదారు పట్టు ఎక్కడుందో ముందు తేల్చుకోండి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. కోనసీమకు చెందిన ఐదుగురు యువతీయువకులకు అతీత శక్తులు వస్తాయి. వేరే గ్రహంలోని సప్తధార అనే రాజ్యంలో ఇద్దరు సేనానులు రాజును చంపి సింహాసనం ఆక్రమించుకుంటారు. తప్పించుకున్న రాకుమారి భూమికి వచ్చి సాయం అడుగుతుంది, ఐదుగురూ వెళ్లి ఆ రాజ్యాన్ని విడిపిస్తారు. 180 పేజీల బొమ్మల కథకు మీరు స్క్రిప్టు పూర్తి చేశారు. చదివిన స్నేహితులు మొదలూ చివరా బాగున్నాయనీ, మధ్యలో పోరాటాలన్నీ ఒకేలా ఉన్నాయనీ, ఆ గ్రహం మనుషులకు ప్రాణం లేదనీ అన్నారు. దీన్ని ఎలా సరిదిద్దాలన్నది మీ మొదటి ప్రశ్న. చివర పట్టాభిషేకం రాకుమారికే చేయాలా అన్నది రెండోది.

సూటిగా చెబుతాను. పోరాటాలను తగ్గించనక్కరలేదు, వాటి గురిని మార్చండి. ఇప్పుడు మీ ఐదుగురూ సేనానుల మనుషులను కొడుతున్నారు. ఒక దళం అయిపోగానే ఇంకొక దళం వస్తోంది. దానికి బదులు, ఆ సేనానులు రాజ్యాన్ని వేటి ఆధారంగా పట్టుకుని ఉన్నారో వాటిని ఒక్కొక్కటిగా ఊడబెరికే కథగా మధ్య భాగాన్ని తిరగరాయండి. ప్రతి చోటా ఆ గ్రహం మనిషి ఒకరు చేయి వేస్తే తప్ప పని జరగని పరిస్థితి కల్పించండి. ఇక రెండో ప్రశ్నకు నా జవాబు: పట్టం రాకుమారికే కట్టండి, కానీ చివరి పేజీలో కాదు, యుద్ధానికి ముందే కట్టండి.

నేను చాలాకాలంగా పిల్లల పత్రికలకు బొమ్మల కథలు రాస్తున్నాను. వేసవి సెలవుల్లో పాలకొల్లులో కుర్రవాళ్లకు కథా రచన నేర్పుతుంటాను. ఈ తరహా స్క్రిప్టులు నా దగ్గరికి తరచుగా వస్తుంటాయి. వాటిలో చాలావాటికి మీ కథకున్న ఇబ్బందే ఉంటుంది, ఎందుకంటే వాటిని రాసేవాళ్లు ముందుగా వీరుల శక్తులను నిర్ణయించుకుంటారు, తర్వాత ఆ శక్తులకు తగిన శత్రువులను తయారుచేస్తారు, రాజ్యాన్ని మాత్రం వెనుక తెర మీద గీసిన బొమ్మగా వదిలేస్తారు. విముక్తి కథలో అసలు పాత్ర రాజ్యమే అన్నది నా అభిప్రాయం.

సింహాసనం మీద కూర్చోవడానికి వెయ్యిమంది సైనికులు చాలు. మర్నాడు పొద్దున్న లక్షలమంది ఆ కూర్చున్నవాడి మాట వినడానికి మాత్రం వేరే ఏర్పాటు కావాలి. నీళ్లు ఎవరు వదులుతారు, ధాన్యం గాదెల తాళాలు ఎవరి దగ్గరున్నాయి, భూమి దస్త్రాలు ఎవరు రాస్తున్నారు, ఏ పెద్ద కుటుంబాల పిల్లలు కోటలో 'చదువుకుంటున్నారు', రాజముద్ర వేసే హక్కు ఎవరిది అన్న ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. అవే ఆ రాజ్యపు నిజమైన కోటగోడలు. మీ స్క్రిప్టులో వీటి ప్రస్తావన ఒక్కటీ లేదు. రాజ్యానికి సప్తధార అని పేరు పెట్టి, 180 పేజీల్లో ఎక్కడా నీటి గురించి మాట రానివ్వకపోవడం కోనసీమ వాసి రాతలో నాకు మరీ ఆశ్చర్యం కలిగించింది.

నీటి సంగతి కాస్త విపులంగా చెబుతాను, ఎందుకంటే మీ కథకు కావలసిన సరంజామా అంతా మీ ఇంటి ముందే ఉంది. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అక్కడి నుంచి నీళ్లు మూడు వైపులకు వెళతాయి: తూర్పు డెల్టాకు ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టా అయిన కోనసీమకు బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర హెడ్ స్లూయిస్‌లు, అంటే కాలువ మొదట్లో నీటిని వదిలే తలతూములు, ఉన్నాయి. ప్రధాన కాలువ నుంచి బ్రాంచి కాలువ, దాని నుంచి పిల్ల కాలువ, దాని నుంచి చేలోకి బోదె. దాళ్వాలో, అంటే రెండో పంట కాలంలో, నదిలో నీరు తగ్గినప్పుడు వంతుల పద్ధతి పెడతారు. ఈ కాలువకు ఇన్ని రోజులు, ఆ కాలువకు ఇన్ని రోజులు అని. ఎగువ వాడు తన వంతు దాటి తూము తెరిచి ఉంచితే శివారు భూములకు నీరు చేరదు. అప్పుడు రాత్రిపూట టార్చిలైట్లతో, పారలతో గట్ల మీద కాపలా పడుకునే రైతులను మీరు చూసే ఉంటారు.

ఇప్పుడు దీన్ని సప్తధారకు తీసుకెళ్లండి. ఏడు ధారల తలతూముల దగ్గర సేనానులు తమ మనుషులను పెట్టారనుకుందాం. వాళ్లు నీటిని పూర్తిగా ఆపనక్కరలేదు. ఆపితే జనమంతా ఒక్కటై తిరగబడతారు. వంతులు మారిస్తే చాలు. ఎగువ ఊళ్లకు రెండు రోజులు ఎక్కువ, శివారు ఊళ్లకు రెండు రోజులు తక్కువ. ఇక ఎగువ వాళ్లు సేనానులకు కృతజ్ఞులుగా ఉంటారు, శివారు వాళ్లు సేనానులను కాకుండా ఎగువ వాళ్లను తిడతారు. ఒక్క బాణం వేయకుండా రాజ్యం రెండుగా చీలింది. మీ వీరులు మొదట తలపడవలసింది ఈ చీలికతో. వాళ్లు దిగిన ఊరు ఎగువదైతే 'కొత్త దొరలు బాగానే చూసుకుంటున్నారండీ, మీరెందుకు వచ్చారు?' అని అడిగే రైతు ఎదురవ్వాలి. ఆ ప్రశ్నకు మీ వీరుల దగ్గర వెంటనే జవాబు ఉండకూడదు.

ఇక్కడే అతీత శక్తికి కూడా చిక్కు వస్తుంది. మీ ఐదుగురిలో మహాబలుడు ఒకడున్నాడు కదా. పిడికిలితో కొండను పిండి చేస్తాడు. అతడు తలతూమును బద్దలు కొడితే ఏమవుతుంది? గండి పడుతుంది, పల్లపు ఊళ్లు మునుగుతాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారని మన డెల్టాలో అందరికీ తెలుసు. రెండో హెచ్చరిక వచ్చిందంటే లంకల (నది మధ్య దిబ్బల మీది ఊళ్ల) వాళ్లు సామాను సర్దుకుంటారు. అంత బలం ఉన్నవాడు ఆ తూము ముందు చేతులు కట్టుకుని నిలబడవలసి రావడం ఏ పిడిగుద్దుల సన్నివేశం కంటే పాఠకుడిని ఎక్కువగా కట్టిపడేస్తుంది. ఆ తూము తెరవడం దాన్ని కాపాడే ఒక ముసలి లస్కరుకే తెలుసు. అతడు ఇనుప హ్యాండిల్‌ను రెండు చేతులా పట్టుకుని తిప్పుతాడు, మరచుట్టు కిర్రుమంటుంది, తలుపు అంగుళం లేస్తుంది, అతడు ఆగి కిందికి వంగి రాతి మీద చెక్కిన నీటి గీతను చూస్తాడు, మళ్లీ తిప్పుతాడు. మహాబలుడు 'నేను తిప్పనా, తాతా?' అంటే, 'నీకు బలముంది గానీ బాబూ, ఎక్కడ ఆపాలో తెలియదు గదా' అంటాడు. ఈ దృశ్యానికి రెండు పేజీలు ఇవ్వండి. బొమ్మలు వేసేవారికి ఎక్కడైనా ఒక లాకు దగ్గరికి వెళ్లి తలుపుల ఫొటోలు తీసి ఇవ్వండి. ఊహించి గీసిన యంత్రం కంటే చూసి గీసిన యంత్రం గ్రహాంతరంలో కూడా నమ్మదగ్గదిగా కనిపిస్తుంది.

నేను రాసిన ఒక ధారావాహికలో ఇలాంటి తూము కాపరి పాత్రను మొదట ఒకే ఒక్క సంచిక కోసం పెట్టాను. పాఠకుల ఉత్తరాల్లో కథానాయకుడి కంటే అతడి గురించే ఎక్కువమంది అడిగారు. చివరికి సంపాదకులే అతడిని వెనక్కి తీసుకురమ్మన్నారు.

ఆ గ్రహం మనుషులు ప్రాణం లేనట్టుగా ఉన్నారన్న ఫిర్యాదుకు ఇంకొక మందు ఉంది. మీ కథలో ప్రజలు చేస్తున్నవి రెండే పనులు: ఏడవడం, చివర జేజేలు కొట్టడం. పాలితులకు ఆయుధం లేకపోయినా పనిముట్టు ఉంటుంది, దాన్ని కింద పెట్టేయడం కూడా ఒక పోరాటమే. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కావడం లేదని, మురుగు పోవడం లేదని సార్వా (తొలకరి వరి పంట) వేయకుండా పంట విరామం ప్రకటించి దేశమంతటి దృష్టినీ ఆకర్షించారు. సప్తధార రైతులు ఒక ఏడాది విత్తనం చల్లకపోతే సేనానుల సైన్యం ఏం తింటుంది? అయితే ఆ నిర్ణయం తీసుకున్న ఇళ్లలో పిల్లలు కూడా పస్తులుంటారు, కాబట్టి ఆ ఊరి సభలో వాదన ఉండాలి, ఒప్పుకోని వాళ్లుండాలి, ఒప్పుకుని రాత్రికి రాత్రి దొంగతనంగా నారు పోసుకునేవాడు కూడా ఒకడుండాలి. మీ వీరులు ఆ సభలో చివరి వరుసలో కూర్చుని వినాలి. వాళ్లు మాట్లాడకూడదు.

ఇప్పుడు మీరు బహుశా ఊహించని చోటికి తీసుకెళతాను. బయటివాళ్లు వచ్చి ఒక రాజ్యాన్ని ఆక్రమణదారు నుంచి విడిపించడం ఎక్కడో నక్షత్రాల మధ్య జరిగే ముచ్చట కాదు, మన గడ్డ మీదే జరిగింది. 973లో జటాచోడ భీముడు తూర్పు చాళుక్య రాజు దానార్ణవుడిని చంపి వేంగిని ఆక్రమించాడు. దానార్ణవుడి కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు పారిపోయి తంజావూరులో చోళుల ఆశ్రయం పొందారు. 27 ఏళ్లు గడిచాక రాజరాజ చోళుడి సైన్యం అండతో శక్తివర్మ వేంగి సింహాసనం ఎక్కాడు. ఇందులో మీ కథకు పనికివచ్చేవి మూడు ఉన్నాయి.

ఒకటి, ఆ 27 ఏళ్లు. ఆక్రమణదారు ఒక తరం పాటు రాజ్యం చేశాడంటే అతడి పాలనలో పుట్టి పెరిగి పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లు ఉన్నారన్న మాట. వాళ్లకు పాత రాజు ఒక పేరు మాత్రమే. తూర్పు చాళుక్యుల శాసనాలు ఆ కాలాన్ని వేంగికి రాజే లేని కాలంగా చెప్పుకున్నాయి. గెలిచినవాడు శాసనం రాయించేటప్పుడు ఓడినవాడి పాలనను లెక్కలోంచే తీసేశాడు. మీ కథలో సేనానులు ఆక్రమించి మూడు నెలలే అయిందని రాశారు. దాన్ని ఇరవై ఏళ్లకు పెంచండి. రాకుమారి శిశువుగా ఉన్నప్పుడే తప్పించబడి, తాను గుర్తుపట్టలేని రాజ్యానికి తిరిగి వస్తుంది. ఆమె చెప్పే 'నా ప్రజలు' అన్న మాటకు ఎదురుగా, ఆమె ఎవరో తెలియని ప్రజలు నిలబడతారు. మూడు నెలల కథలో ఈ బరువు రాదు.

రెండోది, విముక్తికి చెల్లించిన వెల. చోళులు ఊరికే సైన్యం పంపలేదు. శక్తివర్మ తర్వాత రాజైన విమలాదిత్యుడు రాజరాజ చోళుడి కూతురు కుందవ్వను పెళ్లాడాడు. వారి కొడుకే నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజ నరేంద్రుడు. నరేంద్రుడు రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు. వారి కొడుకు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. సాయం చేసిన చేయి మూడు తరాల దాకా భుజం మీది నుంచి తొలగలేదు, చివరికి రెండు ఇళ్లూ ఒక్కటయ్యాయి. ఇది మంచా, చెడా అని నన్ను అడిగితే ఒక్క మాటలో చెప్పలేను. ఆ చోళ సంబంధం ఉన్న రాజు కొలువులోనే మనకు తెలుగు భారతం మొదలైంది. మీ కథలో కూడా ఇంతటి మెలిక ఉండాలి. మీ ఐదుగురికి కాకపోయినా, వాళ్లను అక్కడికి పంపడానికి అంతరిక్ష నౌక ఇచ్చిన మూడో రాజ్యం ఒకటి మీ 40వ పేజీలో ఉంది కదా, 'ధర్మం కోసం' ఇచ్చామంటుంది. ఆ రాజ్యానికి ఏం కావాలో మీరు ఇంతవరకు అడగలేదు. అడగండి.

మూడోది, పడిపోయినవాళ్ల సంగతి. రాజరాజ నరేంద్రుడికీ సుఖం దక్కలేదు. సవతి సోదరుడు విజయాదిత్యుడు పశ్చిమ చాళుక్యుల అండతో వేంగిని లాక్కున్నాడు. నరేంద్రుడికి సాయంగా వచ్చిన చోళ సేనానుల్లో ముగ్గురు కలిదిండి దగ్గర జరిగిన యుద్ధంలో చనిపోగా, వాళ్ల స్మృతికి నరేంద్రుడు అక్కడ శివాలయాలు కట్టించాడు. ఎక్కడో చోళ దేశం నుంచి వచ్చి, కొల్లేటి పక్కన పరాయి రాజు కోసం ప్రాణం వదిలిన ముగ్గురు మనుషులు! మీ ఐదుగురిలో ఒక్కరు కూడా గాయపడకుండా తిరిగి వచ్చారు. ఒకరిని చంపమని నేను అనడం లేదు. వాళ్ల తరఫున పోరాడి చనిపోయిన ఆ గ్రహం మనిషికి గానీ, వాళ్లలో ఒకరికి గానీ అక్కడ ఒక గుర్తు మిగలాలి.

పురాణాల దగ్గరికి వస్తే మన పాఠకుడికి ఈ తరహా కథ పుట్టుకతోనే తెలుసు, అందువల్ల అతడి లెక్కలు చాలా కచ్చితంగా ఉంటాయి. తండ్రి ఉగ్రసేనుడిని ఖైదు చేసి మథురను ఆక్రమించిన కంసుడిని కృష్ణుడు చంపాడు, కానీ తాను సింహాసనం ఎక్కలేదు. యయాతి శాపం వల్ల యదువులు ఎక్కకూడదని చెప్పి ఉగ్రసేనుడినే కూర్చోబెట్టాడు. నరకాసురుడిని చంపాక అతడి కొడుకు భగదత్తుడికి అభయమిచ్చాడు. భీముడు జరాసంధుడిని చీల్చాక మగధకు పట్టం కట్టింది జరాసంధుడి కొడుకు సహదేవుడికే. వాలి పోయాక కిష్కింధకు యువరాజు వాలి కొడుకు అంగదుడు. విడిపించినవాడు రాజ్యం తీసుకోడు, చచ్చినవాడి బిడ్డను వెలివేయడు. ఈ రెండు నియమాల్లో ఏది తప్పినా మన పాఠకుడికి ఎక్కడో గుచ్చుకుంటుంది, కారణం చెప్పలేకపోయినా సరే. మీ కథలో పెద్ద సేనానికి ఒక కూతురు ఉందని 62వ పేజీలో ఒక్క ప్యానెల్‌లో చూపించి మర్చిపోయారు. ఆ అమ్మాయిని చివర ఎక్కడ నిలబెడతారన్నది మీ కథలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న అనుకుంటున్నాను.

పట్టాభిషేకం యుద్ధానికి ముందే చేయమన్నది కూడా ఇక్కడి నుంచే. లంక ఇంకా రావణుడి చేతిలో ఉండగానే రాముడు సముద్రపు నీళ్లు తెప్పించి విభీషణుడికి ఒడ్డునే పట్టం కట్టించాడు. కథనం దృష్టితో చూస్తే అది చాలా గొప్ప ఎత్తు. పట్టం కట్టాక ఇక వెనక్కి వెళ్లడం కుదరదు. గెలవకపోతే ఆ కిరీటం ఎగతాళి అవుతుంది. సప్తధారలో కూడా రాకుమారికి ఏ శివారు ఊళ్లోనో, ఎండిన బోదె పక్కన, ఏడు ఊళ్ల నుంచి ఏడుగురు తెచ్చిన ఏడు చెంబుల నీళ్లతో అభిషేకం చేయించండి. ఆ నీళ్లు ఇవ్వడానికి ఎగువ ఊరి మనిషి రావడమా మానడమా అన్నదే ఆ అధ్యాయపు ఉత్కంఠ. అలా చేస్తే చివరి పది పేజీల దర్బారు దృశ్యం మీకు అవసరం ఉండదు, ఆ పేజీలు మిగులుతాయి.

సుగ్రీవుడిని కూడా మరువకండి. రాజ్యం చేతికి వచ్చాక వానకాలమంతా భోగాల్లో మునిగి, సీతను వెతికిస్తానన్న మాట మరిచాడు. లక్ష్మణుడు వింటి నారి మోగిస్తూ వస్తే తార ఎదురువెళ్లి శాంతపరచవలసి వచ్చింది. విముక్తి పొందిన రాజు మంచివాడే అయినా మాట మీద నిలబడడం వేరే సంగతి. మీరు రెండో భాగం రాయాలనుకుంటున్నట్టు చెప్పారు; దానికి ఇంతకంటే మంచి బీజం నాకు కనిపించడం లేదు.

పాశ్చాత్య కామిక్స్ విషయం త్వరగా ముగిస్తాను, ఎందుకంటే మీరు వాటిని నాకంటే ఎక్కువ చదివినట్టున్నారు. 1934లో మొదలైన ఫ్లాష్ గోర్డన్ నుంచి ఈ చట్రం అక్కడ స్థిరపడింది: భూమి నుంచి వెళ్లిన వీరుడు, మోంగో అనే గ్రహం, మింగ్ అనే నియంత, స్థానిక రాకుమారుల కూటమి. 1960లలో ఫెంటాస్టిక్ ఫోర్ కథల్లో కనిపించిన ఇన్‌హ్యూమన్ల రాజ్యంలో దురాక్రమణదారు బయటివాడు కాదు, రాజు బ్లాక్ బోల్ట్ తమ్ముడు మాక్సిమస్. ఎక్స్-మెన్ కథల్లో షియార్ సామ్రాజ్యపు పీఠం కోసం తోబుట్టువులే కొట్టుకుంటారు. రాసేవాళ్లు మళ్లీ మళ్లీ ఇంటి మనిషినే ఎందుకు ఎంచుకుంటారంటే, బయటివాడిని ఓడిస్తే కథ అయిపోతుంది, తమ్ముడిని ఓడించాక అతడిని ఏం చేయాలన్న సమస్య మిగులుతుంది. వేంగిలో విజయాదిత్యుడి కథ కూడా ఇదే గదా. మీ ఇద్దరు సేనానుల్లో చిన్నవాడిని రాకుమారికి మేనమామను చేసి చూడండి. 'మావయ్యా' అని ఆమె పిలిచే ఒక్క పిలుపుతో మీ 130వ పేజీలోని పోరాటానికి రంగు మారిపోతుంది.

ఇక ఐదుగురి జట్టు. ఇందులో నా సలహా చిన్నది. సేనానుల పట్టు ఐదు చోట్ల ఉందని తేల్చుకున్నాక, ఒక్కొక్క చోటికి ఒక్కొక్క వీరుడిని పంపేటప్పుడు శక్తి సరిపోయే చోటికి కాకుండా, శక్తి పనికిరాని చోటికి పంపండి. బలవంతుడిని తూము దగ్గరికి పంపడం చూశాం. మనసులోని మాట వినగలిగిన అమ్మాయిని దస్త్రాల గదికి పంపండి. కాగితానికి మనసు ఉండదు, అక్కడ ఆమెకు లెక్కలు తెలిసిన కరణం ఒకడు కావాలి. ఎగరగలిగినవాడిని బందీలుగా ఉన్న పిల్లల దగ్గరికి పంపండి. అతడు ఒక్కసారికి ఇద్దరినే మోయగలడు, అక్కడ నలభైమంది ఉన్నారు. ఎవరిని ముందు తీసుకెళ్లాలో ఆ పిల్లలే తేల్చాలి. మా తరగతిలో ఒక ఇంటర్ విద్యార్థి ఇలాగే ఏడుగురు వీరులతో కథ తెచ్చాడు. ఈ పద్ధతిలో కూర్చి చూస్తే ఇద్దరికి పనే లేదని తేలింది. ఆ ఇద్దరినీ తీసేశాడు, కథ సగానికి సగం చిక్కబడింది. మీ ఐదో వీరుడు, మంటలు పుట్టించేవాడు, తీసేయదగ్గవాడేమో ఆలోచించండి. నాకు అతడి మీద ద్వేషం ఏమీ లేదు గానీ, వరిచేల మధ్య నిప్పుతో ఏం చేస్తాడో మీ స్క్రిప్టు కూడా చెప్పలేకపోయింది.

భాష గురించి కూడా ఒక మాట. గ్రహాంతరవాసుల చేత మీరు గ్రాంథికం మాట్లాడించారు, వీరుల చేత సినిమా తెలుగు మాట్లాడించారు. నా ఉద్దేశంలో వీరులు కోనసీమ మాటే మాట్లాడాలి. పెద్దవాళ్లను 'ఏవండీ, రండి, కూర్చోండి' అనాలి, తమలో తాము 'ఒరేయ్, ఏవే' అనుకోవాలి. సప్తధార వాళ్లకు వేరే యాస కల్పించే బదులు మామూలు శుభ్రమైన తెలుగే ఇచ్చి, ఒక్క అలవాటు మాత్రం పెట్టండి: వాళ్లు ఎవరినైనా పలకరించేటప్పుడు 'మీ ధారలో నీళ్లున్నాయా?' అని అడుగుతారు. మొదటి అధ్యాయంలో అది వింతగా ఉంటుంది, వంతుల సంగతి తెలిశాక అదే ప్రశ్న పదునెక్కుతుంది.

బుడగల్లో మాటలు చాలా ఎక్కువయ్యాయి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి వరుసకు వరుసకు మధ్య ఎడం ఎక్కువ కావాలి. ఇంగ్లీషు కామిక్ చూసి అదే కొలతలో బుడగ గీస్తే అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడతాయి, లేదా లెటరింగ్ చేసేవారు అక్షరాన్ని చదవలేనంతగా కుదిస్తారు. నేనైతే ఒక బుడగలో పది పన్నెండు మాటలు దాటనివ్వను, ఒక పేజీలో ఆరు ప్యానెళ్లు దాటనివ్వను. మీ 88వ పేజీలో రాకుమారి ఉపన్యాసం ఒక్కటే సగం పేజీ మింగింది. దాన్ని అభిషేకం దృశ్యంలో మూడు వాక్యాలకు కుదించండి.

పని మొదలుపెట్టేటప్పుడు మొదటి పేజీ నుంచి దిద్దుకుంటూ రాకండి. 45 నుంచి 150 వరకు ఉన్న పేజీలను పక్కన పెట్టి, ఒక కాగితం మీద సప్తధార పటం గీయండి: నది ఎక్కడ పుడుతుంది, తలతూములు ఎక్కడ, మెరక ఊళ్లు ఏవి, పల్లపు ఊళ్లు ఏవి, మురుగు ఎటు పోతుంది, కోట ఎటు గాలికి ఉంది. పటం పూర్తయ్యాక ఆ గ్రహం మనుషుల్లో ఐదుగురికి పేర్లు, వయసులు, ఒక్కొక్కరికి సేనానుల వల్ల కలిగిన ఒక లాభం, ఒక నష్టం రాయండి. లాభం రాయడం మానవద్దు. లాభపడినవాడు ఎందుకు ఇటు వచ్చాడన్నదే మీకు దృశ్యాలు ఇస్తుంది. ఇవి రెండూ చేతికి వచ్చాక ఇక్కడే పెట్టండి, చూసి తూము దృశ్యం ఏ పేజీలో పడాలో చెబుతాను. పెద్ద సేనాని కూతురి సంగతి మాత్రం నా సలహా కోసం ఆగకుండా ముందు మీరే ఒక నిర్ణయానికి రండి. ఆమెను ఉంచుకుంటే 180 పేజీలు చాలవు, కనీసం ఇరవై పేజీలు పెరుగుతాయని ప్రచురణకర్తకు ఇప్పుడే చెప్పి పెట్టండి.